పాచియు శౌచమును

మన తెలుగున "పాచి" యనునది మిక్కిలి నీచమైన మాట. చెరువుమెట్లపై కాలు జాఱునట్లు చేయునది పాచి. తోమని పండ్లపై నంటియుండునది పాచి. నిద్ర లేచి కడుగని ముఖము పాచిముఖము. ఇంతవఱకు న్యాయముగనే యున్నది. కాని వాకిలి యూడ్చి, అంట్లు తోమి, యింటిని శుభ్రపఱచు పనికి "పాచిపని" యని పేరు పెట్టితిమి. ఆ పని చేయునామెకు "పాచిపనిమనిషి" యని పేరు పెట్టితిమి. మురికి చేయువారికిగాక, మురికిని పోగొట్టువారికి మురికి పేరు తగిలించిన యీ చిత్రమును గూర్చి మేము చాలకాలము తలపోయనే లేదు. తలపోయునట్లు చేసినది యొక గాజుతొట్టి.

మా పూర్వవిద్యార్థి యొకడు కాకినాడలో నుద్యోగము చేయుచు, తన యింట నొక యుప్పునీటి అక్వేరియమును నెలకొల్పుకొనెను. మన గోదావరి ముఖద్వారమున పగడపు దిబ్బలు లేవు. నది తెచ్చు నొండ్రుమట్టియు మంచినీరును పగడమునకు సరిపడవు. లక్షద్వీపములు, అండమానులు, మన్నారు సింధుశాఖ వానికి నెలవులు. అచ్చట గట్టిపగడములను పెఱికి తెచ్చుట చట్టవిరుద్ధము. 2001వ సంవత్సరమున అవి వన్యప్రాణిరక్షణ చట్టమునందు జేర్పబడినవి. కావున నాతడు లీటరునకు సుమారు 35 గ్రాముల యుప్పుగల నీటితోను, మఱియొకరి పాతతొట్టినుండి తెచ్చిన కొన్ని రాళ్లతోను, రెండు చిన్న చేపలతోను తృప్తినొందెను.

కొన్ని నెలలకు ఆ రాళ్లపై మొదట గోధుమవన్నె పొరయు, పిదప పచ్చని నాచును, అక్కడక్కడ గులాబిరంగు పెళ్లలును బయలుదేఱెను. రాళ్ల నీడను తెల్లనివి, పసుపుపచ్చనివి చిన్న స్పంజికలు పుట్టెను. అంతలో సంక్రాంతి వచ్చెను. ఇల్లంతయు వెల్ల వేయబడుచుండ తొట్టి మాత్రము పాచిపట్టి యుండుట బాగుగా లేదని యింటివారనిరి. అతడు రాళ్లన్నింటిని వెలికిదీసి, కుళాయినీటితో కడిగి, బ్రష్షుతో తోమి, తెల్లగా మెఱయునట్లు చేసి మరల నుంచెను. చుట్టములు చూచి మెచ్చుకొనిరి. నాలుగు దినములలో చేపలు రెండును చచ్చెను. "మాస్టారూ, అంత శుభ్రము చేసితిని గదా, ఎందుకు చచ్చినవండీ?" యని యాతడు మమ్మడిగెను.

ఉత్తరము పుస్తకములలో దొరకినది. చేపలు విడుచు మలమునుండియు మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది వానికి విషము. రాళ్లను పట్టియుండు కంటికగపడని బాక్టీరియా యా విషమును నైట్రైటుగను, పిదప నంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. ఆ నైట్రేటును నాచు తనకాహారముగ గ్రహించి పెరుగును. పెరిగిన నాచును కోసి తీసివేసినయెడల దానితో నా కల్మషమును వెలికిపోవును. కుళాయినీటిలోని క్లోరినును బ్రష్షును గలిసి యీ పరివారమునంతను ఒక్క పూటలో రూపుమాపినవి. నాచు మితిమీఱినచో తక్కినవానిని కప్పివేయుననుట నిజమే. కాని యది మితిమీఱుట సాధారణముగా మనము మేత నెక్కువ వేసితిమనుటకు గుఱుతు. తప్పు మనది, నింద నాచుది.

స్పంజిక కథ యింకను విచిత్రము. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరములు లేవు. ఒడలెల్ల సన్నని రంధ్రములు. లోపలి కణములు కొరడాలవంటి తంతువుల నాడించుచు నీటిని లోనికి దీసి, అందలి సూక్ష్మజీవులను పట్టుకొని, నీటిని పెద్దరంధ్రమునుండి విడుచును. నీటిలో కరగియున్న జీవపదార్థమును సైతము కొన్ని స్పంజికలు గ్రహించి, తమ కణములను రాల్చుట ద్వారా ఇతరప్రాణులకు తిండిగా మార్చునని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పోషకము లల్పముగా గల సముద్రమున పగడపు దిబ్బ సమృద్ధిగా నుండుట కిదియు నొక కారణము. పగడమునకు రంగును, ఆహారములో నధికభాగమును ఇచ్చునదియు దాని యొడలిలో కాపురముండు సూక్ష్మశైవలమే. నీరు వేడెక్కి యా శైవలము వెడలిపోయినచో పగడము తెల్లబాఱి యాకలిచే మరణించును; 1998, 2010, 2016 సంవత్సరములలో లక్షద్వీపముల కిట్టి యాపద వచ్చెను. తెల్లదన మెల్ల నైర్మల్యము కాదు.

చదువరులారా, శౌచమనగా నేమి? మలినము మన కంటికి కానరాకుండుటయా, లేక అది మఱియొక ప్రాణికి మేలుగా మాఱుటయా? మనము మొదటిదానినే శౌచమని నమ్మి, రెండవదానిని చేయువారిని దూరముగ నుంచితిమి. మన కవులును శైవలమున్నను కమల మందముగనే యుండునని మెచ్చిరేగాని, శైవలము వలన కొలను బ్రతుకుచున్నదని తలపరైరి.

ఇచ్చట నొక ప్రమాదము గలదు. "చూచితిరా, నాచు పని నాచుది, చేప పని చేపది, ప్రకృతియే యెవరి పని వారికి పంచినది, సమాజమునను అంతే" యని వెంటనే యనువారు కలరు. వేల యేండ్లుగా వర్ణవ్యవస్థను సమర్థించిన వాద మిదియే. మేము దీనిని పూర్తిగా నిరాకరించుచున్నాము. స్పంజికకు నరములు లేవు. అవమానము దానికి తెలియదు. అది మఱియొకటి కాగోరి కాలేక పోలేదు. మనుష్యునకు మనస్సు కలదు, బిడ్డలు కలరు, ఆ బిడ్డలు వేఱుగా బ్రతుకవలెనను కోరిక కలదు. ఉపయోగపడుచున్నాడని యొకనిని గౌరవించుటయు నొక విధమగు బేరమే. ఉపయోగము తీఱిననాడు ఆ గౌరవమును తీఱును. మనుష్యుడగుటయే గౌరవమునకు చాలును. తొట్టి మనకు నేర్పునది సేవకులను మెచ్చుకొనుట కాదు. మన శుచి యను భావమే తప్పని యొప్పుకొనుట.

మలమును చేతులతో నెత్తించుటను 1993లో నొక చట్టము నిషేధించెను. చాలదని 2013లో మఱియొకటి చేయవలసివచ్చెను. 1993 మొదలుకొని మురుగుగుంటలలో దిగి మరణించినవారి కుటుంబములకు పదేసి లక్షల రూపాయ లిమ్మని 2014లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలు చేసెను. కోలారు బంగారుగనుల ప్రాంతమున నొక తెలుగు కుటుంబమున 1966లో జన్మించిన బెజవాడ విల్సనుగారు, తమవారు చేయు నీ పనిని చూచి, దానిని రూపుమాపుటకే జీవితము నంకితము చేసిరి. 2016లో వారికి మెగసెసే బహుమాన మీయబడెను. ఆయన కోరినది ఆ పనికి గౌరవము కాదు. ఆ పనికి అంతము.

పరులకు నీతులు చెప్పుటకు ముందు మా పెద్దాపురపు టింటిని చూచుకొంటిమి. పదేండ్లుగా మా యింట పని చేయునామెకు టీ పోయు గ్లాసు వేఱుగా పెరటిగూటిలో నుండెను. అది యక్కడ నెప్పుడు చేరెనో మేమెఱుగము; చూచుచునే యుంటిమి, అడుగలేదు. సంస్కరణమును గూర్చి వ్యాసములు మాత్రము వ్రాయుచుంటిమి. అమ్మగారి నడుగగా, "ఆమెయే యక్కడ పెట్టుకొనునురా, నేనేమంటిని?" యనిరి. అబద్ధము కాదు. ఎవరును చెప్పనక్కఱలేకుండ జరుగునంతగా అది పాతుకొనియున్నది.

ఆ గ్లాసును తెచ్చి తక్కినవానితో వంటింటి యరలో నుంచితిమి. "పాచిపని" యను మాటను మా యింట విడిచి, ఆమెను పేరుతో "గారు" చేర్చి పిలుచుచున్నాము. మా పిల్లలకది సులభముగనే యలవడెను, మాకే కొంత తడబాటు కలిగెను. ఆమె మాత్రము కొన్నాళ్లవఱకు తాను త్రాగిన గ్లాసును రెండుమాఱులు కడిగి యరలో నుంచుచుండెను. ఒక్కమాఱు చాలునని మేము చెప్పితిమి. ఆమె నవ్వి, మరల రెండుమాఱులు కడిగెను. ఆ రెండవ కడుగుడులో నున్న పాచి ఎవరిదో, దానిని తోమవలసిన వారెవరో మాకు తెలిసినది.