జొహానెస్‌బర్గ్‌లో అభయం

ఉద్యోగం మీదో చుట్టపుచూపుగానో జొహానెస్‌బర్గ్ వెళ్లేవాళ్లకు అక్కడ స్థిరపడినవాళ్లు చెప్పే జాగ్రత్తలు ఇంచుమించు ఒకటే. విమానాశ్రయంలో పలకరించి కారుందని పిలిచేవాడి వెంట వెళ్లొద్దు. గౌట్రైన్ అనే రైలెక్కి శాండ్‌టన్ పేటలో దిగు, లేదా హోటలువాళ్లు పంపిన కారే ఎక్కు. చీకటిపడ్డాక కాలినడకన తిరగొద్దు. వీధిలో ఫోను బయటికి తియ్యొద్దు. ఈ మాటల్లో అతిశయోక్తి లేదు. దాదాపు 6 కోట్ల జనాభా ఉన్న దక్షిణాఫ్రికాలో 2022-23లో 27 వేలకు పైగా హత్యలు జరిగాయి. 140 కోట్ల భారతదేశంలో 2022లో నమోదైనవి 28 వేల పైచిలుకు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అయితే ఈ జాగ్రత్తల వెనక ఒక ధర్మసందేహం ఉంది. ఎదురుపడిన ప్రతివాణ్ణీ దొంగగానో హంతకుడిగానో ఊహించుకుంటూ నాలుగు రోజులు తిరిగి క్షేమంగా ఇల్లు చేరినవాడు ఆ ఊరిపట్ల ఏదైనా తప్పు చేసినట్టా? చేసినట్టే అని నా అభిప్రాయం. ఆ తప్పు వల్ల అతనికి ఒరిగే రక్షణ కూడా పెద్దగా లేదు.

అక్కడివాళ్లు నిజంగా పాటించే జాగ్రత్తలను దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ట్రాఫిక్ సిగ్నల్‌ను అక్కడ రోబోట్ అంటారు. దాని దగ్గర కారు ఆపేటప్పుడు అలవాటున్న డ్రైవరు ముందు కారు టైర్లు తనకు కనబడేంత ఎడం ఉంచుతాడు, అవసరమైతే పక్కకు తిప్పుకుని వెళ్లిపోవడానికి. హ్యాండ్‌బ్యాగు సీటు మీద ఉండదు, బయల్దేరకముందే డిక్కీలోకి పోతుంది. పగిలిన స్పార్క్ ప్లగ్గు పింగాణీ ముక్క ఒక్కటి విసిరితే కిటికీ అద్దం పెద్ద చప్పుడు లేకుండానే పొడిపొడి అవుతుంది; సంచీ లాక్కుపోవడానికి రెండు క్షణాలు చాలు. కాబట్టి డిక్కీలో పెడతారు, అంతే. ఈ పనుల్లో ఏ ఒక్కటీ కారు పక్కనే ఫోను చార్జర్లు అమ్ముతూ నిలబడ్డ కుర్రాడి మీద తీర్పు కాదు. అతను మంచివాడైనా చెడ్డవాడైనా సంచీ డిక్కీలోనే ఉంటుంది. సమయం, చోటు, మన చేతిలోని వస్తువు, ఈ మూడింటి గురించే ఆ జాగ్రత్తలన్నీ. మొహం చూసి మనిషిని లెక్కగట్టే పద్ధతి వీటిలో లేదు, ఎందుకంటే అది పనిచెయ్యదు. నీలం లైటు పెట్టిన కారులో, పోలీసు దుస్తుల్లో వచ్చి దోచుకున్న ముఠాలు ఆ ఊళ్లో ఉన్నాయి. మొహాలనూ వేషాలనూ నమ్ముకున్నవాడు చార్జర్ల కుర్రాణ్ణి చూసి అద్దం ఎత్తి, యూనిఫాం చూసి అద్దం దించుతాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎదుటివాడికి న్యాయం చేస్తూ కూర్చోలేం. పదిమందిని తప్పుగా అనుమానిస్తే పోయేదేముంది, పదకొండోవాణ్ణి నమ్మితే ప్రాణమే పోతుంది. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అని వేదాంతం చెబుతుంది, కానీ ఆ దారిలో నిజం పాములున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కాదనను. అయితే ఆ 27 వేల మంది ఎవరో చూడాలి. వాళ్లలో అత్యధికులు టూరిస్టులు కారు, టౌన్‌షిప్పులనే పేటల్లో ఉండే పేద నల్లజాతి యువకులు. అంటే వీధిలో ఎదురై సందర్శకుణ్ణి భయపెడుతున్న ఆ యువకుడే ఈ లెక్కల ప్రకారం అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు. ఒకే అంకె చూసి మనం అతనికి భయపడుతున్నాం. ఆ అంకెలో అతను చేరే అవకాశమే ఎక్కువ. అనుమానం వల్ల పోయేదేమీ లేదనే లెక్క మన వైపు నుంచి మాత్రమే వేసినది.

మరో అభ్యంతరం మతం వైపు నుంచి వస్తుంది. భగవద్గీత పదహారో అధ్యాయం దైవీసంపదను లెక్కపెడుతూ మొదట చెప్పేది అభయాన్నే. మరి భక్తుడైనవాడు నిర్భయంగా నడవొద్దా? కారు అద్దాలెత్తుకుని తిరగడం విశ్వాసలోపం కాదా? పన్నెండో అధ్యాయం దీనికి సగం జవాబిస్తుంది: లోకాన్ని చూసి కలత చెందనివాడు, లోకానికి తనవల్ల కలత కలిగించనివాడు దేవుడికి ప్రియుడట. సన్యాసం పుచ్చుకునేవాడు సర్వభూతాలకూ అభయమిస్తున్నానని ప్రకటించేదీ ఇందుకే. మనకు భయం లేకపోవడం ఒక్కటే లెక్కలోకి రాదు, మనల్ని చూసి ఎదుటివాడు ముడుచుకుపోకపోవడం కూడా రావాలి.

మిగతా సగం జవాబు 1897 జనవరిలో డర్బన్‌లో దొరుకుతుంది. ఓడ దిగిన గాంధీని తెల్లవాళ్ల గుంపు కొట్టింది. పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండర్ భార్య తన గొడుగు విప్పి అడ్డం నిలబడకపోతే ఆయన బతికేవాడు కాదేమో. ఆ రాత్రి ఆయన తలదాచుకున్న మిత్రుడు పార్శీ రుస్తుంజీ ఇంటిని గుంపు చుట్టుముట్టినప్పుడు, అలెగ్జాండర్ సలహా మీద గాంధీ భారతీయ కానిస్టేబుల్ దుస్తులు వేసుకుని, శిరస్త్రాణంలా ఉండడానికి తలమీద పళ్లెం పెట్టి దానికి మద్రాసు కండువా చుట్టుకుని బయటపడ్డాడు. వేషం మార్చి తప్పించుకోవడం తనకు తగినదేనా అని తర్వాత తన ఆత్మకథలో ఆయనే తర్కించుకున్నాడు. తగినదే అంటాను. గుంపు, రాత్రి, ఇరుకు వీధి: వీటి విషయంలో ఆయన జాగ్రత్త పడ్డాడు. ఆ తర్వాత, కొట్టినవాళ్ల మీద కేసు పెట్టమని ప్రభుత్వమే అడిగినా పెట్టనన్నాడు. తలమీద పళ్లెం పెట్టుకున్నవాడు, కేసు వద్దన్నవాడు ఒక్కడే. అందుకే జాగ్రత్తకూ అభయానికీ విరోధం ఉందని నేను ఒప్పుకోను.

అన్నింటికన్నా గట్టి అభ్యంతరం ఇంకా ఉంది. మొహాలను వదిలి చోట్లను తప్పించుకో అంటున్నావు. సందర్శకులు తప్పించుకునే హిల్‌బ్రో పేటకు వెళ్లకపోవడమంటే హిల్‌బ్రో జనాన్నంతా మూకుమ్మడిగా అనుమానించడమే కదా? పైగా ఇది జొహానెస్‌బర్గ్. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం రంగును బట్టి మనుషులకు పేటలు పంచిపెట్టిన దేశం. శాండ్‌టన్ మేడలకూ అలెగ్జాండ్రా రేకుల ఇళ్లకూ మధ్య ఈనాటికీ ఒక హైవే మాత్రమే అడ్డం. ఆ చట్టం గీసిన గీతలనే సందర్శకుడి పటం మళ్లీ దిద్దుతోందంటే నిజమే. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఒక షరతు మాత్రం ఉంది. ఒక చోటును తప్పించుకునే హక్కు ఎవరికైనా ఉంది, ఒంటరిగా, తెలియనప్పుడు, రాత్రిపూట. తెలిసినవాళ్లు వెంట ఉండి తీసుకెళ్లే దారి ఉన్నప్పుడు కూడా అటు తొంగిచూడనంటే, అప్పుడది జాగ్రత్త పేరుతో చేసే వెలివేత. హిల్‌బ్రో పక్కనే 54 అంతస్తుల పాంటే భవనంలో ఉన్న డ్లాలా న్జే అనే సంస్థ పగటిపూట ఆ పేటలు నడిపించి చూపిస్తుంది. ఆ నడకలో మన క్షేమానికి పూచీ పడేది అక్కడివాళ్లే. భయపడుతున్న మనుషుల మీదే ఆధారపడక తప్పని ఈ స్థితి అతిథికి మంచిదే అనుకుంటాను. నిజానికి హోటలు కారు ఎక్కినా ఆధారపడేది ఆ ఊరి డ్రైవరు మీదే. కాకపోతే దాన్ని నమ్మకం అనం, సర్వీసు అంటాం.

ఇంతా చెప్పాక, ఈ వాదన పరదేశుల్లో ఒక రకం వాళ్లకే వర్తిస్తుందని ఒప్పుకోవాలి. 2008 మే నెలలో అలెగ్జాండ్రాలో మొదలైన అల్లర్లు మొజాంబిక్, జింబాబ్వేల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ల మీద విరుచుకుపడి దేశమంతా పాకాయి. 62 మంది చనిపోయారు. వాళ్లలో మూడోవంతు దక్షిణాఫ్రికన్లే. 1897లో డర్బన్ గుంపును రేపిందీ ఇదే భయం, ఓడల నిండా భారతీయులు వచ్చిపడుతున్నారని. 1860లో మద్రాసు నుంచి తొలి ఓడ వచ్చింది మొదలు డర్బన్ ఉన్న నేటాల్ చెరకుతోటల్లో చేరిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. సమయం, చోటు చూసుకుని మసలుకో అని శాండ్‌టన్ హోటల్లో దిగిన ఇంజనీరుకు చెప్పవచ్చు. అలెగ్జాండ్రాలో గది అద్దెకు తీసుకుని, తెల్లవారుజామున చీకట్లో మినీబస్ టాక్సీ కోసం వేలు పైకెత్తి నిలబడే జింబాబ్వే కూలీకి ఆ రెండూ ఎంచుకునే వీలు లేదు. అతనికి మిగిలింది పక్కింటివాళ్ల మంచితనం ఒక్కటే, వాళ్లూ అతన్ని మొహం చూసే లెక్కగడుతున్నారు.