చాయ్ తాగితే తప్పా?

హైదరాబాద్ హాస్టళ్లలో ఉండి పీజీ, పీహెచ్‌డీ చేసే పిల్లలకి ఒక బాధ ఉంటుందండీ. థీసిస్ అవ్వలేదు, నాన్న ఇంకా డబ్బులు పంపుతున్నారు, నేనేమో ఇక్కడ ఇరానీ చాయ్ తాగుతూ కూర్చున్నానా అని. దాన్ని వైరాగ్యం అనుకోకండి, ఉత్త దిగులు అది. గీత 6వ అధ్యాయం 16, 17 శ్లోకాలు చూడండి. అతిగా తినేవాడికీ యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు అంటాడు కృష్ణుడు. తిండితో పాటు విహారం కూడా మితంగా ఉండాలన్నాడు గానీ మానేయమనలేదు. (అలాగని మూడో కప్పు చెప్పకండి!) 9వ అధ్యాయం 27వ శ్లోకంలో, ఏం తిన్నా నాకే అర్పించు అన్నాడు. ఇంకేం, చాయ్ రాగానే ఫోన్ పక్కన పెట్టి, “కృష్ణా, ఇది నీదే” అనుకుని వేడివేడిగా తాగండి. సాయంత్రం నాన్నగారు ఫోన్ చేస్తే ఆ మాట ఆయనకీ చెప్పండి.