వానప్రస్థానికి తోడెవరు?

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడతారు. కొవ్వూరులో పెద్ద ఇల్లు, అందులో పెద్దావిడ ఒక్కతే. మోకాళ్ళ నొప్పులు, రాత్రిపూట భయం, పనిమనిషి రాని రోజున పస్తు. ‘ఎక్కడైనా మంచి ఆశ్రమంలో చేరిస్తేనో?’ అని కొడుకు నోట రాగానే చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. కన్నతల్లిని బయటికి పంపి ధర్మం తప్పుతున్నానా అని అతనికీ దిగులే.

ఈ దిగులు ధర్మరాజూ పడ్డాడు. మహాభారతంలో ఆశ్రమవాస పర్వం అంతా ఇల్లు విడిచి వెళ్ళే పెద్దల కథే. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు 15 ఏళ్ళు ధర్మరాజు నీడన గడిపాడు. మర్యాదకు లోటు లేదు. కానీ భీముడు చాటుగా అనే ఎత్తిపొడుపు మాటలు ముసలాయన మనసును కోస్తూనే ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా తిండి తగ్గించుకుని, నేల మీద పడుకుంటూ, చివరికి అడవికి పోతానన్నాడు. అంతవరకూ ధర్మరాజుకు ఆ సంగతే తెలియదు.

‘నన్నెక్కడైనా చేర్పించండిరా’ అని పెద్దలు అన్నప్పుడు మనం ముందు తెలుసుకోవలసింది ఇదే. ఆ మాట వైరాగ్యంతో వచ్చిందా, ఇంట్లో ఎవరో అన్న మాటకు మనసు విరిగి వచ్చిందా? రెండోదైతే మార్చవలసింది వాళ్ళ చిరునామాను కాదు, మన నోటి తీరును.

ధర్మరాజు వెంటనే ఒప్పుకోలేదు. వ్యాసుడు వచ్చి నచ్చజెప్పాకే తలవంచాడు. ధృతరాష్ట్రుడు ప్రజలను పిలిపించి సెలవడిగాడు, పోయినవారికి శ్రాద్ధాలు పెట్టాడు, దానాలిచ్చాడు. కార్తిక పౌర్ణమి నాడు బయలుదేరాడు. కుంతి ముందు నడిచింది. కళ్ళకు గంతలు కట్టుకున్న గాంధారి ఆమె భుజం పట్టుకుంది. గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుడు చెయ్యి వేశాడు. సాగనంపడానికి వచ్చిందనుకున్న తల్లి ఇక వెనక్కి రానంటే పాండవులు ఏడ్చారు. ఆమె నిర్ణయం మారలేదు.

వెళ్ళేవాళ్ళకు దక్కవలసినవన్నీ ఇందులో ఉన్నాయి: సొంత నిర్ణయం, అందరి దగ్గరా సెలవు తీసుకునే వ్యవధి, చెయ్యి వెయ్యడానికి ఒక భుజం. మన ఇళ్ళలో తరచూ జరిగేది వేరు. కొడుకులు ఫోన్లలో మాట్లాడుకుని ఖాయం చేసుకుంటారు, అమ్మకు చివర్న చెబుతారు. అలా కాకుండా, ముందే తీసుకెళ్ళి చూపించాలి. నెల రోజులు ఉండి చూడమనాలి. ఉల్లి, వెల్లుల్లి తినని మనిషికి అక్కడి వంట సరిపడుతుందా, గదిలో దేవుడి పటాలు పెట్టుకోనిస్తారా, నాన్నగారి తద్దినం ఎక్కడ పెట్టాలి అన్నవి ఆవిడ అడగకముందే మనం అడగాలి. ఇంట్లో సామాను సర్దేటప్పుడు ఏది ఉంచాలో, ఏది ఎవరికివ్వాలో ఆవిడే చెప్పాలి. ఆ హడావుడిలో ఆస్తి కాగితాల మీద సంతకాలు అడగకూడదు. చూస్తారన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రైబ్యునల్‌కు వెళ్ళే హక్కును 2007 నాటి వయోవృద్ధుల చట్టం పెద్దలకిచ్చింది. ఏ తల్లికీ ఆ గడప తొక్కే అవసరం రాకూడదు.

కథ అడవి బాటతో అయిపోలేదు. తల్లి మీద బెంగతో పాండవులు పరివారమంతా వెంటబెట్టుకుని ఆశ్రమానికి వెళ్ళారు. పలకరించి తిరిగి రాలేదు, నెల రోజులకు పైగా అక్కడే ఉన్నారు. ఆ తర్వాత రెండేళ్ళకు నారదుడు వచ్చి, పెద్దలు ముగ్గురూ కార్చిచ్చులో పోయారని చెబితే ధర్మరాజు గుండె పగిలేలా ఏడ్చాడు. అంత రాజ్యం ఉండి, తల్లి దిక్కులేనిదానిలా పోయిందే అని. అన్నీ పద్ధతిగా చేసినవాడికే ఆ బాధ తప్పలేదు. ఆశ్రమం గేటు దగ్గర దించి రావడంతో మన పని తీరిపోదని ఆ కన్నీళ్ళు చెబుతున్నాయి.

2027లో గోదావరికి పుష్కరాలు. కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో పోయినవారికి పిండప్రదానం చేయడానికి పిల్లలు ఎక్కడెక్కడినుంచో సెలవులు పెట్టుకుని వస్తారు. ఆ ప్రయాణంలో ముందు ఆశ్రమానికి వెళ్ళి, బతికున్న అమ్మను వెంటబెట్టుకుని రేవుకు రావాలి. ఆవిడ తలమీద నాలుగు దోసిళ్ళు పోశాకే తర్పణాలు మొదలుపెట్టాలి.