ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, చాలామంది ఇంట్లో పాత కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్పించి విండోస్ 11 వేయిస్తున్నారు. ఇలాంటప్పుడు అందరికీ గుర్తొచ్చేది గీత రెండో అధ్యాయం 22వ శ్లోకం, చిరిగిన బట్టలు వదిలి కొత్తవి కట్టుకోవడం. నాకైతే 15వ అధ్యాయం 8వ శ్లోకమే ఇక్కడ సరిపోతుందనిపిస్తుంది. గాలి వాసనల్ని మోసుకెళ్లినట్టు జీవుడు మనసునీ ఇంద్రియాలనీ వెంట తీసుకెళ్తాడట. (వాసన అంటే పూర్వసంస్కారం అని కూడా కదా!) అంటే బ్యాకప్ అన్నమాట. ఫార్మాట్ కొట్టి పాత ఫోల్డర్లన్నీ తిరిగి ఎక్కిస్తే కొత్త మెషిన్‌లోనూ పాత చెత్తే. ఉద్యోగం మారినా, ఊరు మారినా మన కోపం మారనిది అందుకే.

పోలిక ఒక్కచోట అతకదు. కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్ వద్దో చూసి వదిలేయొచ్చు. అమ్మ మీద విసుక్కునే అలవాటు ఎక్కడుందో కనబడదు. విసుక్కున్న ప్రతిసారీ ఇంకోసారి సేవ్ అవుతుంది.