జవ్వాజి, దాని వెనక పిల్లి

పునుగు, జవ్వాజి, కస్తూరి. తెలుగు మాస్టారు మూడింటినీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు, పిల్లలు ‘సుగంధ ద్రవ్యాలు’ అని రాసేసుకుంటారు. జవ్వాజి అంటే ఏమిటండీ అని ఎవరైనా అడిగితే కాస్త ఇబ్బందే. ఎందుకంటే అది అరబ్బీ నుంచి వచ్చిన మాట, పైగా దాని వెనక ఒక పిల్లి ఉంది.

ఆ మాట జాడ కోసం వాడరేవు నుంచి తీరం వెంట దక్షిణంగా పోతే మోటుపల్లి. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ఇక అలా చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు వర్తకులకు మాటిచ్చాడు. సరుకుల పేర్లూ చెక్కించాడు: గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పగడాలు, మిరియాలు. వాటి మధ్యనే జవాది, అంటే మన జవ్వాజి.

అరబ్బులు దాన్ని ‘జబాద్’ అన్నారు. అదే మాట ఐరోపా చుట్టి ఇంగ్లీషులో ‘సివెట్’ అయింది. జిరాఫీ కూడా అరబ్బీ మాటే, కానీ జిరాఫీని బొమ్మలోనైనా చూసి నేర్చుకుంటాం. జవ్వాజి వచ్చిన దారి వేరు: ముందు సరుకు దిగింది, దాని వెంట పేరు, ఆ పేరు చివరికి జంతువుకు అంటుకుంది.

ఆ సరుకు తీసే పద్ధతి చూడండి. పంజరంలో చందనపు కర్ర నిలబెడతారు. తోక కింది గ్రంథిలో ఊరే జిడ్డును పిల్లి ఆ కర్రకు రాస్తుంది, దాన్ని గీకి తీస్తారు. పచ్చిగా అయితే ముక్కు మూసుకోవాల్సిందే, నూనెలో చిటికెడు కలిస్తే పరిమళం. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు తైలం ఈ జాతి పిల్లిదే. ఇథియోపియాలో ఈ జిడ్డును పశువుల కొమ్ముల్లో నింపి అమ్మేవాళ్లు.

ఇంతా చేసి ఈ జవ్వాజి ఇచ్చే పునుగు పిల్లి మన దేశపు పొదల్లో ఎప్పటినుంచో తిరుగుతున్నదే. ఓడ మీద వచ్చిన మాటకు ఉన్న గౌరవం ఇంటి వెనక జీవికి దక్కలేదు. దాని చుట్టం మానుపిల్లి తాటిచెట్టెక్కి కుండలో కల్లు తాగిపోతుంది. దాని మీద ఏ రాజూ సుంకం వేయలేదు, గీతకార్మికుడి తిట్లు తప్ప దానికి దక్కిందేమీ లేదు.

ఒక జీవి పేరు తెలియడమంటే దాని ధర తెలియడమేనా? ఇప్పుడు అత్తరులో ఎక్కువగా వాడేది ప్రయోగశాలలో చేసిన వాసనే. ఇక జవ్వాజి పిల్లిని పిల్లిగానే చూడొచ్చు: బూడిద రంగు ఒళ్లు, వరసగా మచ్చలు, తోకకు నల్లటి పట్టీలు, రాత్రి గట్ల వెంట ఎలకల వేట. ఎలకల్ని తింటుందంటే మంచిదేగా అంటాడు రైతు. అదీ ఒక లెక్కే అనుకోండి, కాకపోతే ఈ లెక్కలో పిల్లికి పంజరం లేదు.