గుంపులో ఉన్నాడులే అనుకొని



జూన్ నెల వచ్చిందంటే మన అనంతపురం సీమలో చాలా ఇళ్లలో ఒకే డబ్బు కోసం రెండు ఖర్చులు కాచుకొని ఉంటాయి. తొలకరి పడితే శెనక్కాయ విత్తనం కొనాలి. అదే నెలలో బడులు తెరుస్తారు, ఫీజు కట్టాలి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల మనది. అదైనా అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. కాయ అమ్మి చేతిలో నాలుగు డబ్బులు చూసేది సంవత్సరం చివరలో. కాబట్టి జూన్‌లో కట్టే ఫీజు చాలా ఇళ్లలో అప్పు తెచ్చినదో, కమ్మలు తాకట్టు పెట్టినదో, బెంగుళూరు పోయిన తండ్రి పంపిన కూలి డబ్బో అయి ఉంటుంది.

అందుకే "పిల్లలను ఊళ్లోని సర్కారు బడికి పంపాలా, పట్నంలోని కాన్వెంటుకు పంపాలా?" అన్న ప్రశ్న మనకు చిన్న ప్రశ్న కాదు. భార్యాభర్తల మధ్య మాటామాటా పెరిగేదీ, అన్నదమ్ముల ఇళ్ల మధ్య పోటీ పుట్టేదీ చాలాసార్లు ఈ ప్రశ్న దగ్గరే. ఈ వారం దానిని దేవుని వాక్యపు వెలుగులో కాసేపు ఆలోచిద్దాం.

లూకా సువార్త రెండవ అధ్యాయంలోని సంఘటన మీకు తెలిసినదే. అప్పుడు బాలయేసుకు పన్నెండేళ్లు. పాస్క పండుగకు యెరూషలేము వెళ్లిన తిరుకుటుంబం తిరుగు ప్రయాణమైంది. బాలుడు అక్కడే ఉండిపోయాడు. మరియతల్లి, జోజప్పగారు మాత్రం బిడ్డ తోటి ప్రయాణికులతో వస్తున్నాడని తలచి ఒక రోజు దూరం నడిచారు. వారికి బిడ్డపై ప్రేమ తక్కువై కాదు. ఆ గుంపు చెడ్డదీ కాదు. అందులో ఉన్నది బంధువులూ తెలిసినవారే. వెదికి చూసినప్పుడు మాత్రం బిడ్డ అందులో లేడు. వెంటనే వెనుకకు మళ్లారు. మూడు దినాల తరువాత దేవాలయంలో బోధకుల నడుమ కూర్చొని, వింటూ, ప్రశ్నలు అడుగుతూ ఉన్న కుమారుని కనుగొన్నారు.

మన ఇళ్లలో ఏమి జరుగుతోంది? పొద్దున్నే పసుపుపచ్చ బస్సు ఊరి బయటికి వస్తుంది. టై కట్టి, బూట్లు వేసి బిడ్డను ఎక్కిస్తాం. నలుగురు పిల్లలతో పోతున్నాడు కదా, గుంపులో ఉన్నాడులే అనుకొని మన పనికి మనం పోతాం. సర్కారు బడికి పంపేవారూ అంతే. బడి ఉంది, అయ్యవారు ఉన్నారు, మధ్యాహ్నం అన్నం పెడతారు, ఇంకేమి కావాలి అనుకుంటాం. మరియమ్మ, జోజప్పగారు అలా నడిచింది ఒక్క రోజు. పదవ తరగతి ఫలితాలు వచ్చేదాకా వెనుకకు తిరిగి చూడకుండా మనం పదేళ్లు నడుస్తాం.

ప్రియులారా, బిడ్డల చదువు గురించి శ్రీసభ చెప్పే మొదటి మాట బడి గురించి కాదు, తల్లిదండ్రుల గురించి. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యపై ప్రకటించిన పత్రం, బిడ్డలకు మొట్టమొదటి గురువులు తల్లిదండ్రులేనని బోధించింది. బడిని ఎంచుకొనే స్వేచ్ఛ వారికి ఉండాలని కూడా చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టం 798వ నిబంధన ప్రకారం తల్లిదండ్రులు పిల్లలను కథోలిక విద్య లభించే బడులకు పంపాలి. అలా పంపలేనప్పుడు బడి వెలుపల వారికి తగిన కథోలిక శిక్షణ అందేలా చూడాలి. అంటే బిడ్డను సర్కారు బడికి పంపిన తల్లి తప్పు చేసినట్టు కాదు. ఏ బడికి పంపినా బాధ్యతను కూడా బిడ్డతో పాటు బస్సు ఎక్కించి పంపేస్తేనే తప్పు.

ఇక రెండు బడులనూ న్యాయంగా తూచి చూద్దాం. సర్కారు బడిలో పాఠం చెప్పేవారు శిక్షణ పొంది, డి.యస్.సి. పరీక్షలో నెగ్గి వచ్చినవారు. పుస్తకాలకు, భోజనానికి ఖర్చు లేదు. 2020 తరువాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. బిడ్డ ఏమి చదువుతున్నాడో కొద్దో గొప్పో చదువుకున్న తల్లి చూసుకోగలదు. అయితే కొన్ని పల్లెల్లో ఒకే అయ్యవారు అన్ని తరగతులూ లాక్కురావాలి. ఆయనకు సెలవైతే ఆ పూట చదువు లేనట్టే.

ప్రైవేటు బడిలో తరగతికొక టీచరు ఉంటారు, హాజరు గట్టిగా చూస్తారు, ఇంగ్లీషు మాటలు చెవిన పడతాయి. కానీ చాలాచోట్ల టీచర్లకు ఇచ్చే జీతం తక్కువ. వచ్చినవారు నిలవరు. అర్థం కాని ఇంగ్లీషును బట్టీ పట్టి అప్పజెప్పడమే చదువనుకొని బిడ్డ పెరిగే ప్రమాదమూ ఉంది.

కాబట్టి బోర్డు చూసి నిర్ణయించకండి. బడి లోపలికి వెళ్లి చూడండి. టీచరు రోజూ వస్తున్నారా? మూడవ తరగతి పిల్లవాడు తెలుగులో ఒక పేజీ తడుముకోకుండా చదవగలడా? తప్పు చెప్పిన పిల్లవాణ్ణి కొడుతున్నారా, దిద్దుతున్నారా? మరుగుదొడ్డిలో నీళ్లు ఉన్నాయా? మన కరవు సీమలో ఈ చివరి ప్రశ్న తేలికైనది కాదు. నీళ్లు లేని బడికి ఎదిగిన ఆడపిల్ల ఎన్నాళ్లు పోగలదు?

సర్కారు చదువంతా తక్కువ చదువేనని అనుకోవడం కూడా సరికాదు. 1972లో హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో ప్రభుత్వం పెట్టిన గురుకుల పాఠశాలలో సీటు కోసం ప్రవేశపరీక్ష రాసి పోటీ పడతారు. లేపాక్షిలోని నవోదయ విద్యాలయం సంగతీ అంతే. ఇవన్నీ సర్కారు బడులే.

ఇప్పుడు మన మనస్సాక్షిని కొన్ని ప్రశ్నలు అడుగుదాం.

మొదటిది: ఈ బడిని ఎవరి కోసం ఎంచుకుంటున్నాం? కాన్వెంటు అంటే అసలు మఠకన్యలు ప్రార్థన చేసుకుంటూ జీవించే ఇల్లు. వారు నడిపే బడులను బట్టి ఆ మాట చదువుకు పేరైంది. ఇప్పుడు మఠమూ లేదు, ప్రార్థనా లేదు, నాలుగు గదులు అద్దెకు తీసుకున్నా కాన్వెంటే. ఆ పేరు కోసం, "మావాడు కాన్వెంటుకు పోతాడు" అని నలుగురిలో చెప్పుకోవడం కోసం పంపుతున్నామా? అలాగైతే మనం కడుతున్నది బిడ్డ చదువుకు కాదు, మన గొప్పకు.

రెండవది: లెక్క చూసుకున్నామా? గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని, పూర్తి చేసే సొమ్ము తన దగ్గర ఉందో లేదో లెక్క వేసుకుంటాడని ప్రభువు చెప్పాడు. ఒకటవ తరగతి ఫీజు కట్టగలగడం వేరు, పదవ తరగతిదాకా కట్టగలగడం వేరు. రెండేళ్లు కట్టి, మూడవ ఏట వాన తప్పితే బాకీ కింద బడి మాన్పించిన బిడ్డ మనసు ఎంత నొచ్చుకుంటుంది? వడ్డీకి తెచ్చి అప్పులపాలై, చివరికి తల్లి తండ్రి ఇద్దరూ వలసపోతే ఆ బిడ్డ సాయంత్రం ఎవరి దగ్గర కూర్చొని చదువుకోవాలి? విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల ఒకటవ తరగతిలో నాలుగింట ఒక వంతు సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. అర్హత ఉన్నవారు దరఖాస్తు పెట్టండి. అందులో సిగ్గుపడవలసింది లేదు.

మూడవది: కొడుకునూ కూతురునూ ఒకే త్రాసులో తూచామా? కొడుకును బస్సు ఎక్కించి, కూతురును ఊరి బడికి నడిపించే ఇళ్లు మన విచారణలలో లేవా? ఊరి బడి మంచిదైతే కొడుక్కు ఎందుకు పనికిరాలేదు? మంచిది కాకపోతే కూతురుకు ఎలా సరిపోయింది? 2020లో వచ్చిన అమ్మ ఒడి పథకం ఇంటికి ఒక బిడ్డనే లెక్కపెట్టింది. 2025లో వచ్చిన తల్లికి వందనం ఇంట్లో చదువుకొనే బిడ్డలందరినీ లెక్కపెట్టింది. సర్కారు లెక్కపెట్టిన ఆడబిడ్డను కన్నవారు లెక్కపెట్టకపోతే ఎలా? లూకా సువార్తలో పన్నెండేళ్ల బాలయేసు ఉన్నట్టే, యాయీరు కుమార్తె అయిన పన్నెండేళ్ల బాలిక కూడా ఉంది. ఆ తండ్రి కూతురు కోసం అందరి ఎదుట ప్రభువు పాదాలపై పడ్డాడు. ప్రభువు ఆ బాలిక చేయి పట్టుకొని లేపాడు, తినడానికి పెట్టమన్నాడు. ఆయన చేయిచ్చి లేపిన ఆడపిల్లను మనం రెండవ వరుసలో కూర్చోబెట్టవద్దు.

నాలుగవది: సాయంత్రం ఇంట్లో ఏమి జరుగుతోంది? "మాకు చదువు రాదు, మేమేమి చెప్పగలం?" అంటారు. చదువు రాకపోయినా పక్కన కూర్చోవచ్చు. టీవీ, సెల్‌ఫోను అరగంట కట్టిపెట్టవచ్చు. "ఈ రోజు ఏమి నేర్చుకున్నావు నాయనా? చదువు, వింటాను" అనవచ్చు. ఆ తరువాత దీపం దగ్గర జపమాల చెప్పుకోవచ్చు. దేవాలయంలో కుమారుడు దొరికాక తిరుకుటుంబం నజరేతుకు తిరిగి వెళ్లింది. బాలుడు తల్లిదండ్రులకు లోబడి, జ్ఞానంలోనూ వయసులోనూ పెరిగింది ఆ ఇంట్లోనే, వడ్రంగి పనిముట్ల మధ్యనే.

ఈ మాటలు తల్లిదండ్రులకు మాత్రమే చెబితే అన్యాయమవుతుంది. శ్రీసభ నడిపే బడులకూ ఒక ప్రశ్న ఉంది. విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం అడగకపోయినా సువార్త అడుగుతుంది. 2007లో భారత పీఠాధిపతులు వెలువరించిన కథోలిక విద్యా విధానం పేదలను, దళితులను ముందుంచింది. మన బడి గేటు దాకా వచ్చి, ఫీజు విని వెనుదిరిగిన కూలి తల్లి మన విచారణ బిడ్డే అయితే, ఆదివారం పూజలో ఆమె ముఖం మనం ఎలా చూడగలం?

విచారణ కూడా చేయగలిగినది ఉంది. ఒకప్పుడు యేసుసభ సభ్యుడైన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఈ జిల్లాకు వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఇక్కడి పేదలతోనే ఉన్నారు. ఆయన నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల్లో అనుబంధ బడులు నడిపింది. సర్కారు బడికి పోయే పిల్లలకు బడి వేళలు కాని సమయంలో చదువు చెప్పించింది. మన గుడి వరండాలో ఒక లైటు, ఒక చాప, ఇంటరు చదివిన ఇద్దరు యువతీయువకులు ఉంటే అంతపని మనమూ చేయలేమా? ఆదివారం సత్యోపదేశానికి వచ్చే పిల్లలే సాయంత్రం అక్కడికీ వస్తారు.

సర్కారు బడికి పంపే తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం చెబుతోంది. ఆ కుర్చీ మీది. వెళ్లి కూర్చోండి. నీళ్ల గురించి, అన్నం గురించి, అయ్యవారి హాజరు గురించి మర్యాదగా, గట్టిగా అడగండి. ప్రైవేటు బడికి పంపేవారు ఫీజు రసీదుతో పాటు బిడ్డ నోటుపుస్తకం కూడా విప్పి చూడండి.

ప్రియ తల్లిదండ్రులారా, ఏ బడి అన్నది మీ శక్తినీ, బిడ్డ స్వభావాన్నీ, ఊరి పరిస్థితినీ బట్టి ప్రార్థనాపూర్వకంగా మీరు తేల్చుకోవలసిన విషయం. ఏ బడికి పంపినా ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి వెనుకకు తిరిగి చూడండి. మీ కొడుకు, మీ కూతురు మీతో నడుస్తున్నారా? లేకపోతే మరియమ్మ, జోజప్పగారి వలె వెంటనే వెనుదిరగండి. ఒక రోజు దూరం వచ్చేశామే అని నిరాశపడకండి. వెదికిన ఆ తల్లిదండ్రులకు బిడ్డ దొరికాడు.

తిరుకుటుంబ ప్రార్థన సహాయం మన కుటుంబాలన్నిటికీ తోడుగా ఉండునుగాక. ఆమెన్.