ఏది అసలు కంపు?

ఎండు నెత్తళ్ళు వేయిస్తుంటే ఒకరికి నోరూరుతుంది. పక్కింటివాళ్ళు కిటికీ మూసుకుంటారు. చేప ఒకటే, వాసనా ఒకటే. మరి తేడా ఎక్కడుంది?

వాసన ముక్కుకు తగలగానే వేదన పుడుతుందని ధమ్మం చెబుతుంది. వేదన అంటే ఇక్కడ బాధ కాదు, అనుభూతి. అది సుఖం కావచ్చు, దుఃఖం కావచ్చు, రెండూ కాకపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు దాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఇంగువ ఘాటు మాత్రం తక్కువా? అలవాటైనవాళ్ళకు అదే ఘుమఘుమ.

నచ్చకపోవడం తప్పేమీ కాదు. కిటికీ మూసుకోవచ్చు. కానీ "ఈ వాసన నాకు పడదు" అన్నది "వీళ్ళు మనలాంటివాళ్ళు కారు" అని మారడానికి క్షణం పట్టదు. అద్దె ఇల్లు అడిగితే "మీరేం తింటారు?" అంటారు. చాలాసార్లు ఆ ప్రశ్న కూర గురించి కాదు, కులం గురించి.

సుత్తనిపాతంలో ఆమగంధ సుత్తం ఉంది. ఆమగంధం అంటే పచ్చిమాంసపు కంపు. మాంసం తినడమే కంపు అని ఒక బ్రాహ్మణుడు అంటాడు. కాదు, చంపడం, దొంగతనం, అబద్ధం, కోపం, గర్వం, ఇవే అసలు కంపు అని కస్సప బుద్ధుడు జవాబిస్తాడు.

ఈసారి ఏదైనా వాసనకు ముఖం చిట్లించినప్పుడు ఒక్క క్షణం ఆగి మీ మనసును చూసుకోండి. అయిష్టం ముక్కు దగ్గరే ఆగిందా, మనిషి మీదికి పోయిందా? చేప వాసన కాసేపటికి దానంతటదే పోతుంది. గర్వం అలా పోదు. దాన్ని మనమే గమనించి వదిలించుకోవాలి.